బోధ నిజమా కాదా: విన్న వాక్యాన్ని మెట్టు మెట్టుగా పరీక్షించే పద్ధతి

వీడియో లింకు పంపి ‘ఈ అయ్యగారు చెప్పేది వాక్యానుసారమేనా (బైబిలు ప్రకారమేనా)?’ అని అడిగేవాళ్లు చాలామంది. పేరు చూసి అవుననో కాదనో ఒక్క ముక్క చెప్పేయడం తేలికే. కానీ వచ్చే వారం ఇంకో వీడియో వస్తుంది, మళ్లీ ఇంకొకరిని అడగాలి. అందుకని ఇక్కడ బోధకుల పేర్ల జాబితా ఉండదు. ఎవరి బోధకైనా పనికొచ్చే వరుస మాత్రం ఉంటుంది.

విశాఖపట్నంలో దీని అవసరం ఎక్కువే. గాజువాక నుంచి మధురవాడ దాకా గోడల మీద స్వస్థత సభల పోస్టర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒకే ఇంట్లో అత్తగారు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్), కోడలు బాప్టిస్టు సంఘంలో పెరిగిన పిల్ల, కొడుకు ఆదివారం ఏ గుడికీ వెళ్లకుండా యూట్యూబ్‌లోనే వాక్యం వింటాడు. అందరికీ ఒకే కొలత కావాలంటే వరుస తెలియాలి.

వరుసలో ముఖ్యమైనది ఒక్కటే: ముందు మాట, ఆ తర్వాతే మనిషి. మనవాళ్లు తలకిందులుగా మొదలుపెడతారు. ‘ఆయన ప్రార్థిస్తే ఒళ్లు జలదరించింది’ అని ఒకరు, ‘ఆయనకు అంత కారెందుకు?’ అని ఇంకొకరు. జలదరింపు బోధను ఒప్పు చేయదు, కారు దాన్ని తప్పు చేయదు. మనిషిని చూడాల్సిన మెట్టు ఉంది, అది ఏడోది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

కొలబద్ద తెలియకుండా కొలవలేం. బైబిలు అంతా వచ్చాకే పరీక్షించాలని ఎవరూ అనరు గానీ, ఈ నాలుగు పుస్తకాలు ఒక్కసారైనా మొదటి నుంచి చివరిదాకా చదివి ఉండాలి:

☐ మార్కు సువార్త: 16 అధ్యాయాలు. యేసు ఏం చేశాడు, ఏం చెప్పాడు.
☐ గలతీయులకు: 6 అధ్యాయాలు. సువార్తకు ఇంకోటి కలిపితే ఏమవుతుంది.
☐ 1 యోహాను: 5 అధ్యాయాలు. ఆత్మలను పరీక్షించడం ఎలా.
☐ తీతుకు: 3 అధ్యాయాలు. సంఘ పెద్ద ఎలా ఉండాలి.

రోజుకు రెండు అధ్యాయాలు చదివితే పదిహేను రోజుల పని. ఇది వదిలేసి నేరుగా రెండో మెట్టు ఎక్కితే, నచ్చిన బోధకుడి మాటతో నచ్చని బోధకుడి మాటను కొలుస్తారు. వాక్యంతో కాదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి: ఒక నోటుపుస్తకం, పాత అనువాదం బైబిలు, దానితో పోల్చుకోవడానికి నేటి వాడుక భాషలో ఉన్న ఇంకో అనువాదం, గంట సమయం. సంఘాన్ని బట్టి 66 పుస్తకాల బైబిలు ఉండొచ్చు, 73 పుస్తకాలదీ ఉండొచ్చు. కింద చెప్పిన పరీక్షలన్నీ రెండింటిలోనూ ఉన్న పుస్తకాలతోనే చేయొచ్చు.

ఇంకొకటి, ప్రార్థన. ‘ఈయన తప్పని చూపించు ప్రభువా’ అని కాదు. ‘నేను తప్పయితే నాకు చూపించు’ అని.

## 2. విన్నది విన్నట్టు రాసుకోండి

సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి. బోధకుడు అన్నది ఒకటి, మనకు గుర్తున్నది ఇంకొకటి, పక్కింటి సిస్టర్ చెప్పింది మూడోది. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి:

☐ ఆయన అన్న వాక్యం, ఆయన మాటల్లోనే.
☐ దానికి ఆధారంగా చూపిన వచనం. ఏమీ చూపకపోతే ‘వచనం లేదు’ అని రాయండి.
☐ తేదీ, ఎక్కడ విన్నారు.
☐ విన్నవాళ్లను ఏం చేయమన్నారు: మారుమనస్సు పొందమన్నారా, కానుక ఇమ్మన్నారా, మందులు ఆపమన్నారా, ఎవరితోనైనా మాట్లాడొద్దన్నారా.

నాలుగో గడి ఖాళీగా ఉంచకండి. బోధ ఎక్కడికి తీసుకెళుతుందో చెప్పేది అదే.

వాట్సాప్‌లో వచ్చిన అర నిమిషం ముక్క చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. పూర్తి వర్తమానం (ప్రసంగం) వెతికి, ఆ మాటకు ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు వినండి. ‘కొందరు ఇలా బోధిస్తున్నారు’ అని ఖండించడానికి చెప్పిన వాక్యాన్నే కత్తిరించి ఆయన బోధగా తిప్పడం మామూలైపోయింది. గొంతును అనుకరించే సాంకేతికత కూడా చేతికొచ్చింది. పూర్తి వర్తమానం దొరక్కపోతే దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

## 3. ఎత్తి చూపిన వచనాన్ని దాని చోట చదవండి

ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. అబద్ధ బోధ సాధారణంగా బైబిలు లేకుండా రాదు. బైబిలు వచనాన్ని దాని ఇంట్లోంచి బయటికి లాగి తెస్తుంది.

చేయాల్సింది: ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం, దానికి ముందు అధ్యాయం చదవండి. తర్వాత నాలుగు ప్రశ్నలు. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఏ పరిస్థితిలో? ఆ మాట విన్న మొదటివాళ్లు ఏం అర్థం చేసుకుని ఉంటారు?

మన సభల్లో తరచూ వినపడే నాలుగు వచనాలతో చేసి చూద్దాం.

కీర్తన 105:15. ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు.’ ప్రశ్న అడిగినవాళ్ల నోరు మూయించడానికి వాడతారు. అదే కీర్తనలో 9వ వచనం నుంచి చదవండి. మాట్లాడేది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. వాళ్లు పరదేశులుగా తిరుగుతున్నప్పుడు రాజులు హాని చేయకుండా దేవుడు కాపాడాడని. బోధను ప్రశ్నించకూడదన్న సంగతే అక్కడ లేదు. పైగా అంతియొకయలో పేతురు తప్పటడుగు వేస్తే పౌలు అందరి ఎదుటే నిలదీశాడు (గలతీ 2:11-14).

యిర్మీయా 29:11. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.’ కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో ఎక్కువగా కనిపించే వచనం. ఇది బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. పైనున్న 10వ వచనం 70 ఏళ్లు అంటోంది, అంటే విన్నవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేదు. దేవుడి మనసు ఎలాంటిదో ఈ వచనం చెబుతుంది, ఓదార్పు తీసుకోవచ్చు. ‘ఈ ఏడాదిలోనే నీ అప్పు తీరుతుంది’ అనే హామీ మాత్రం ఇందులో లేదు. ఇంకో విశేషం: అదే అధ్యాయం 8, 9 వచనాలు చెరలో ఉన్నవాళ్లకు తీపి మాటలు చెప్పే ప్రవక్తల గురించి హెచ్చరిస్తాయి. కార్డు మీద అవి ఉండవు.

ఫిలిప్పీ 4:13. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను.’ పోటీ పరీక్షకు, వ్యాపారానికి వాడతారు. 11, 12 వచనాలు చదివితే ‘సమస్తము’ ఏమిటో తెలుస్తుంది: కడుపు నిండినా, ఆకలితో ఉన్నా సంతృప్తిగా ఉండడం. రాసింది చెరసాల బంధకాల్లో ఉన్న మనిషి, పౌలు.

3 యోహాను 2. ‘అన్ని విషయములలోను వర్ధిల్లుచు’ అన్న మాట. గాయు అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో మొదటి పలకరింపు. మనం ఉత్తరంలో ‘అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను’ అని రాస్తాం కదా, అది సిద్ధాంతం కాదు.

ఈ మెట్టులో చేసే తప్పులు:

• ఒక్క వచనం దొరికితే చాలనుకోవడం. ఏ ముఖ్యమైన బోధైనా వేర్వేరు పుస్తకాల్లో కనిపించాలి. ఒక్క చోట, అదీ దర్శనంలోనో ఉపమానంలోనో మాత్రమే ఉంటే ఆగండి.
• ‘మూల గ్రీకులో అసలు అర్థం వేరే’ అంటే తలూపేయడం. చేతిలో ఉన్న ఏ అనువాదంలోనూ ఆ అర్థం లేదంటే, ఇంతమంది అనువాదకులకు తెలియనిది ఈయనొక్కడికే ఎలా తెలిసిందో అడగాలి.
• పాత నిబంధన సంగతిని నేరుగా ఈ రోజుకు అంటించడం. యెరికో గోడ చుట్టూ తిరిగారని మర్రిపాలెంలో కొనాలనుకున్న స్థలం చుట్టూ ఏడుసార్లు తిరగమనడం ఇలాంటిదే.

## 4. వెన్నెముక తడిమి చూడండి

ఇప్పుడు బోధ మొత్తాన్ని ఐదు ప్రశ్నలు అడగండి. వీటిలో ఒక్కదానికి తప్పు జవాబు వచ్చినా మిగతా మంచితనం దాన్ని సరిచేయదు.

☐ యేసు ఎవరు? నిత్యుడైన దేవుడు, శరీరధారి అయిన మనిషి, రెండూ నిజమేనా? (యోహాను 1:1, 1:14, 1 యోహాను 4:2-3)
☐ ఆయన మన పాపాల కోసం చనిపోయి, సమాధి చేయబడి, మూడో రోజున లేచాడా? (1 కొరింథీ 15:3-4)
☐ రక్షణ కృప చేతనా, లేక కృపకు తోడు ఇంకేదైనా కట్టాలా? (ఎఫెసీ 2:8-9, గలతీ 1:8)
☐ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ఒక్క దేవుడు. ఇందులో ఎవరినైనా తీసేశారా, కొత్తవాళ్లను కలిపారా?
☐ లేఖనం కన్నా పై స్థానంలో ఒక మనిషి, ఒక దర్శనం, ఒక కొత్త పుస్తకం ఉందా?

నీకేయ విశ్వాస ప్రమాణం (325లో మొదలై 381లో విస్తరించిన రూపం) ఈ పరీక్షకు మంచి కొలత. ఆర్‌సీఎం, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ ఆరాధనల్లో దాన్ని చదువుతారు. బాప్టిస్టులూ పెంతెకోస్తువాళ్లలో చాలామందీ ఆరాధనలో చదవకపోయినా అందులోని మూల విశ్వాసం వాళ్లదీ అదే. ‘ఇన్ని శతాబ్దాలుగా ఎవరికీ తెలియని సత్యం మాకే బయలుపడింది’ అని ఎవరైనా అంటే ఈ ప్రమాణం పక్కన పెట్టి చదవండి. తేడా ఎక్కడుందో పది నిమిషాల్లో దొరుకుతుంది.

జాగ్రత్త: పదాలు ఒకటే ఉండి అర్థాలు వేరుగా ఉండొచ్చు. ‘మేమూ యేసును దేవుని కుమారుడనే అంటాం’ అంటారు. ‘ఆయన సృష్టించబడినవాడా?’ అని అడగండి. ‘అవును, మొదట సృష్టించబడినవాడు’ అంటే అది వేరే బోధ.

క్రీస్తు రాకకు తేదీ చెప్పినవాళ్లను పరీక్షించడానికి మత్తయి 24:36 చాలు. ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు.

## 5. తప్పు దొరికితే బరువు తూచండి

దొరికిన ప్రతి తేడా దుర్బోధ కాదు. మూడు కుప్పలు పెట్టుకోండి.

మొదటి కుప్ప: పై ఐదు ప్రశ్నలు. ఇక్కడ తేడా వస్తే సర్దుకోవడం లేదు.

రెండో కుప్ప: చిన్నపిల్లలకు బాప్తిస్మమా, పెద్దయ్యాకా; పరిశుద్ధాత్మ ప్రేరణతో తెలియని భాషలు మాట్లాడడం నేటికీ ఉందా; సంఘాన్ని బిషప్పు నడపాలా, పెద్దలు నడపాలా; దశమభాగం ఈనాటికీ నియమమా. వీటి వల్ల సంఘాలు వేరయ్యాయి, వేరుగా ఉండడానికి కారణాలూ ఉన్నాయి. కానీ ఎదుటివాళ్లను అబద్ధ బోధకులనకూడదు.

మూడో కుప్ప: నగలు, తెల్ల చీర, డ్రమ్స్, క్రిస్మస్ నక్షత్రం, పండుగ తేదీ. రోమా 14వ అధ్యాయం వీటి కోసమే ఉంది.

మన తెలుగు సంఘాల్లో గొంతు చించుకుని పోట్లాడేది ఎక్కువగా మూడో కుప్ప గురించే. ఈలోగా మొదటి కుప్పలోది వెనక తలుపులోంచి వచ్చి కూర్చుంటుంది. మెడలో గొలుసు వేసుకుందని ఒక సిస్టర్‌ని ప్రభువు బల్లకు దూరం పెట్టే సంఘమే, ‘నా ప్రార్థన లేకపోతే మీకు రక్షణ లేదు’ అనే బోధకుణ్ని పిలిచి శాలువా కప్పడం ఉంది.

అయితే మూడో కుప్పలోది కూడా ఒక్కోసారి మొదటి కుప్పకు జరుగుతుంది. ‘నగలు వద్దనుకుంటాం’ అంటే అది వాళ్ల అలవాటు. ‘నగలు తీయకపోతే పరలోకం లేదు’ అంటే కృపకు ఇంకోటి కలిపినట్టే. గలతీ పత్రిక తెరవాల్సిందే.

## 6. ప్రవచనం, స్వస్థత, దర్శనం: విడిగా పరీక్షించాలి

‘సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి’ అన్న మాట (1 థెస్స 5:21), ప్రవచించడాన్ని నిర్లక్ష్యం చేయొద్దన్న వచనం పక్కనే ఉంది. కాబట్టి అంతా అబద్ధమని కొట్టిపారేయడం కూడా విధేయత కాదు. పరీక్షించండి.

ప్రవచనానికి:

☐ మాట యథాతథంగా, తేదీతో రాయండి. గడువు చెప్పారా? చెప్పకపోతే అదీ రాయండి.
☐ గురి చూసి చెప్పిందా, ఎవరికైనా సరిపోయేదా? ‘మీ ఇంట్లో ఒకరికి నడుము నొప్పి, విదేశాల తలుపు తెరుచుకోబోతోంది’ అన్నది వందమంది కూర్చున్న చోట ఎవరికో ఒకరికి సరిపోతుంది.
☐ ఆ వివరం ఆయనకు ముందే తెలిసే దారి ఉందా? ప్రార్థన మనవి చీటీ, వాట్సాప్ గ్రూపు, ఫేస్‌బుక్ ఫొటోలు, మిమ్మల్ని సభకు తీసుకొచ్చిన మనిషి. చీటీ మీద మీరే రాసిచ్చిన సంగతి వేదిక మీద ‘బయలుపాటు’గా వినపడితే ఆశ్చర్యపోకండి.
☐ జరగలేదా? ద్వితీయోపదేశకాండము 18:22 చదవండి. ‘మీ విశ్వాసం చాలలేదు’ అని తప్పు వినేవాళ్ల మీదికి నెట్టడానికి అక్కడ చోటు లేదు.
☐ జరిగిందా? అదీ చాలదు. ద్వితీయోపదేశకాండము 13:1-3: సూచన జరిగినా వేరే దేవతల వైపు లాగితే వినొద్దు. మత్తయి 7:22-23 కూడా చూడండి.
☐ తక్కినవాళ్లు వివేచించాలని 1 కొరింథీ 14:29 అంటోంది. గదిలోకి ఒంటరిగా పిలిచి ‘ఎవరికీ చెప్పొద్దు’ అంటూ ఇచ్చే ప్రవచనానికి ఆ అవకాశమే లేదు. పెళ్లి, స్థలం అమ్మకం, ఉద్యోగం మానేయడం లాంటివి అలాంటి మాట మీద చేయకండి.

స్వస్థతకు:

ప్రార్థన చేయించుకోండి. యాకోబు 5:14 సంఘ పెద్దలను పిలిపించుకోమంటోంది, టిక్కెట్టు కొని సభకు వెళ్లమనలేదు. స్వస్థత జరిగిందనుకుంటే పరీక్ష చేయించండి. కుష్ఠరోగులను యేసే యాజకులకు చూపించుకోమన్నాడు (లూకా 17:14). రిపోర్టు అడగడం అవిశ్వాసమైతే ఆ మాట ఆయన అనడు.

మందులు ఆపమన్న ఏ బోధనైనా అక్కడితో ఆపేయండి. కారణాలు ఇవి:

• టీబీ: మందులు మొదలెట్టిన కొన్ని వారాల్లోనే దగ్గు, జ్వరం తగ్గుతాయి. సరిగ్గా అప్పుడే ‘స్వస్థత అయింది’ అనిపిస్తుంది. మామూలు టీబీకి కోర్సు 6 నెలలు. మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీగా మారొచ్చు. పెదవాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి ఉంది, టీబీ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.
• షుగరు: ఒక్క రోజు వేలి చుక్క పరీక్ష బాగా వస్తే నయమైనట్టు కాదు. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది. ఇన్సులిన్ మీద ఆధారపడ్డవాళ్లు అది మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.
• మూర్ఛ: మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావొచ్చు.
• మనసు జబ్బులు: ‘దయ్యం’ అని తేల్చేముందు మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416. కట్టేయడం, కొట్టడం, రోజుల తరబడి అన్నం పెట్టకపోవడం ప్రార్థన కాదు, నేరం.

‘విశ్వాసముంటే జబ్బే రాదు’ అనే బోధకు జవాబుగా మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి: తిమోతి కడుపు జబ్బు (1 తిమోతి 5:23), మిలేతులో రోగిగా విడిచిపెట్టిన త్రోఫిము (2 తిమోతి 4:20), పౌలు శరీరంలో ముల్లు (2 కొరింథీ 12:7-9). పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు (కొలొస్స 4:14).

నూనె సీసాలో, తాయెత్తులో అద్భుత శక్తి ఉంది, ఫలానా జబ్బు పోతుంది అని ప్రకటనలిచ్చేవాళ్లకు 1954 నాటి కేంద్ర చట్టం ఒకటుంది. షుగరు, క్యాన్సర్, మూర్ఛ లాంటి జబ్బులకు అద్భుత చికిత్సల ప్రకటనలను అది నిషేధిస్తుంది.

## 7. ఇప్పుడు మనిషిని, డబ్బును చూడండి

మాట పరీక్ష అయ్యాకే ఇది. కొలత మన అభిరుచి కాదు. 1 తిమోతి 3:1-7, తీతు 1:6-9 తెరిచి ఒక్కో లక్షణం పక్కన టిక్కు పెట్టండి. ఆ జాబితాలో ప్రసంగ ధాటి లేదు, పాట బాగా పాడడం లేదు. బోధించగల సామర్థ్యం ఉంది. మిగిలినదంతా కోపం, తాగుడు, డబ్బు, ఇల్లు, బయటివాళ్ల దగ్గర పేరు. యూట్యూబ్‌లో మాత్రమే చూసే మనిషి గురించి వీటిలో ఎన్నింటికి జవాబు చెప్పగలరో చూడండి. దాదాపు ఏమీ చెప్పలేరు. అందుకే ఆన్‌లైన్ బోధకుడు ఎంత బాగా చెప్పినా మీ కాపరి కాలేడు.

డబ్బుకు:

☐ కానుకలు లెక్కపెట్టేది ఒక్కరా, ఇద్దరు ముగ్గురా? పౌలు అంతటివాడే కానుక మోసుకెళ్లడానికి వేరేవాళ్లను వెంట పెట్టుకున్నాడు, మనుషుల దృష్టిలోనూ యోగ్యంగా ఉండాలని (2 కొరింథీ 8:20-21).
☐ క్యూఆర్ స్కాన్ చేయగానే ఫోన్లో ఏ పేరు వస్తోంది: సంఘం పేరా, వ్యక్తి పేరా?
☐ సంఘం సొసైటీగానో ట్రస్టుగానో నమోదై ఉందా? ఏడాదికోసారి జమాఖర్చులు సభ్యుల ముందు చదువుతారా?
☐ రసీదు ఇస్తారా?
☐ ప్రార్థనకు, ప్రవచనానికి, నూనెకు ధర ఉందా? కుష్ఠు నయమైన నయమాను ఇవ్వబోయిన కానుక ప్రవక్త ఎలీషా ముట్టలేదు. వెంటపడి తీసుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఏమైందో 2 రాజులు 5లో ఉంది.

‘విత్తన కానుక’ గురించి ఎక్కువమంది అడుగుతున్నారు. వెయ్యి విత్తితే లక్ష కోస్తావు అన్నదానికి 2 కొరింథీ 9:6 చూపిస్తారు. మూడో మెట్టు ఇక్కడా వాడండి: 8, 9 అధ్యాయాలు రెండూ యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం వసూలు చేసిన సహాయం గురించి. బోధకుడి ఖాతా గురించి కాదు. 9:7 బలవంతంగా ఇవ్వొద్దంటోంది. అప్పు చేసి, బంగారం కుదువపెట్టి ఇచ్చే కానుకను ప్రోత్సహించే బోధ ఈ అధ్యాయం దగ్గర నిలబడదు.

ఆన్‌లైన్‌లో మోసపోయి డబ్బు పంపితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే సొమ్ము ఆపే అవకాశం ఎక్కువ.

అదుపు చేసే గుంపు గుర్తులు: ఇంటివాళ్లతో మాట్లాడొద్దంటారు. తమ సంఘం పేరు మొదట చెప్పరు, కొన్ని నెలల ‘బైబిలు స్టడీ’ తర్వాతే చెబుతారు. వేరే బోధ వినొద్దంటారు. వదిలి వెళ్లినవాళ్లకు శాపం తగిలిందని కథలు చెబుతారు. వీటిలో రెండు కనిపించినా మిగతా మెట్లు పూర్తయ్యేదాకా వెళ్లడం ఆపండి.

పిల్లల మీద, స్త్రీల మీద లైంగిక వేధింపు సంగతి తెలిస్తే ఇది బోధ పరీక్ష కాదు, పోలీసు కేసు. సంఘ పెద్దల ముందు రాజీ పెట్టకండి. పిల్లల విషయం తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం పోక్సో చట్టం (2012) ప్రకారం నేరం. ఫోన్ చేయాల్సిన నంబర్లు: అత్యవసరానికి 112, పిల్లలకు 1098, స్త్రీలకు 181.

## 8. ఒంటరిగా తేల్చకండి, అడగండి

నోటుపుస్తకం తీసుకుని ఇద్దరికి చూపించండి: మీ సంఘంలో వాక్యం తెలిసిన ఒక పెద్ద, మీ సంఘానికి బయటి ఒక విశ్వాసి. ఇద్దరూ మీలాగే ఆలోచించేవాళ్లయితే ఉపయోగం లేదు.

తర్వాత బోధించినాయన్నే అడగండి. అపొల్లో అనే బోధకుడికి తెలియనిది అకుల, ప్రిస్కిల్ల దంపతులు ఆయన్ను చేర్చుకుని విశదపరిచారు (అపొ. కార్యములు 18:26). మైకు దగ్గర కాదు, గ్రూపులో కాదు. ఆదివారం ఆరాధన అయిపోగానే కూడా కాదు, అప్పుడాయన అలసిపోయి ఉంటారు. మధ్యలో ఒక రోజు వెళ్లి ఇలా అడగొచ్చు:

‘అయ్యగారూ, వందనాలండి. పోయిన ఆదివారం వర్తమానంలో మీరు ఈ మాట అన్నట్టు రాసుకున్నాను. నేను సరిగ్గానే విన్నానా? ఆ అధ్యాయం చదివితే నాకు ఇలా అర్థమైంది. మీరు ఎలా చూస్తున్నారో చెబుతారా?’

జవాబు ఎంత ముఖ్యమో, జవాబు చెప్పే తీరూ అంతే. బైబిలు తెరిచి వివరిస్తే, ‘నేను మళ్లీ చూసుకుంటాను’ అంటే అది మంచి కాపరి లక్షణం. ‘నన్నే ప్రశ్నిస్తావా?’ అంటే బెరయ పట్టణంవాళ్లను గుర్తు చేసుకోండి: పౌలు చెప్పినదాన్నే వాళ్లు ప్రతిదినం లేఖనాలు పరిశోధించి చూసుకున్నారు, వాళ్లను ఘనులని రాశారు (అపొ. కార్యములు 17:11).

పెద్ద మీద నింద వేయాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలి (1 తిమోతి 5:19). మీరు చూడని సంగతి చెప్పకండి.

## 9. నిర్ణయం, ఆ తర్వాత

నాలుగు దారులున్నాయి. బోధ నిలబడితే తీసుకోండి. ఒక ఉదాహరణో ఒక వచనమో తప్పుగా వాడి మిగతాది సరిగ్గా ఉంటే, మేలైనది ఉంచుకుని అది వదిలేయండి. అంతమాత్రానికి సంఘం మారక్కర్లేదు. తేలకపోతే ‘తేలలేదు’ అని రాసి తేదీ వేసి పక్కన పెట్టండి. మొదటి కుప్పలో తప్పు ఉండి, అడిగినా దిద్దుకోకపోతే బయటికి రండి.

బయటికి వచ్చేటప్పుడు కారణం పెద్దలకు కాగితం మీద రాసివ్వండి, పేజీ దాటకుండా. స్టేటస్‌లు పెట్టకండి. వెంటనే ఇంకో సంఘంలో సభ్యత్వం తీసుకోకండి. కొన్ని వారాలు వెళ్లి వినండి, ఇవే మెట్లు అక్కడా వాడండి. గాయపడి వచ్చినవాళ్లు మొదట దొరికిన గట్టి గొంతుకే అతుక్కుపోతారు.

ఇంట్లో అమ్మో, అత్తయ్యో అలాంటి బోధలో ఉంటే వేరే ఓపిక కావాలి. ఆమె నమ్మిన బోధకుణ్ని తిడితే ఆమె ఆయన్నే వెనకేసుకొస్తుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. ఆయన పేరే ఎత్తకండి. ఆయన చూపిన వచనం ఉన్న అధ్యాయం ఆమెనే గట్టిగా చదవమనండి, కళ్లజోడు పెట్టుకుని, తొందర లేకుండా. ‘ఇక్కడ ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?’ అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. వారానికి ఒక అధ్యాయం చాలు. ఈలోగా రెండు విషయాల్లో మాత్రం గట్టిగా నిలబడండి: మందుల డబ్బా ఖాళీ కాకూడదు, ఇంటి పత్రాలూ బంగారం కుదువకు వెళ్లకూడదు.